మొదలు లేని మర్రికి మూడు కిలోమీటర్లు

చెన్నైలో పొద్దున బయలుదేరి, పగలంతా ఆంధ్రతీరం వెంట పరుగెత్తి, రాత్రి ఒడిశాను దాటిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మర్నాడు హుగ్లీ నది పడమటి ఒడ్డున షాలిమార్ స్టేషనులో ఆగుతుంది. చాలా ఏళ్లపాటు ఈ బండి హౌరాకు చేరేది. 2022లో దాని మజిలీని షాలిమార్‌కు మార్చిన నాటి నుంచి తెలుగు ప్రయాణికుల టిక్కెట్ల మీద ఈ పేరు తరచు కనిపిస్తున్నది. హైదరాబాదు నుంచి వచ్చే ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్ కూడా ఇక్కడికే చేరుతుంది.

పేరు విని ఆశపడినవారికి మాత్రం స్టేషను వెలుపల నిరాశ తప్పదు. షాలిమార్ అనగానే మనస్సులో మెదిలేది 1619లో జహంగీరు చక్రవర్తి శ్రీనగరంలో నెలకొల్పిన ఉద్యానం. ఇక్కడున్నవి గూడ్సు వ్యాగన్లు, గిడ్డంగులు, లారీల బారులు, తుప్పు వాసన. దక్షిణాదిన చాలామందికి ఈ పేరు పరిచయమైనది రంగు డబ్బాల మీద. 1902లో మొదలైన ఆ రంగుల కర్మాగారం ఈ హౌరా ఒడ్డునే వెలసింది. తల ఎత్తితే 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు తీగలు ఆకాశాన్ని గీతలు గీస్తూ కనిపిస్తాయి. బండి దిగినవారు ఆ వంతెన వైపే చూస్తారు. టాక్సీవాలాలతో బేరమాడి, నది దాటి, కోల్‌కతాలో కలిసిపోతారు.

వంతెన వైపు గాక దిగువకు, అంటే నది పారే వైపుకు నడిచేవారు తక్కువ. ఆ కొద్దిమందిలో ఒకరి చేతిలో ఫోను, ఫోనులో రెండు అంకెల వరుసలు ఉన్నాయనుకొందాము: ఉత్తరం 22 డిగ్రీల 33.6 నిమిషాలు, తూర్పు 88 డిగ్రీల 17.2 నిమిషాలు. అక్కడ ఏమున్నదో అతనికి చెప్పినవారు లేరు. ఆ చోటును కనుక్కొని, చూసి, వ్రాసుకొని రావడమే పని. ఇరవై ఏళ్లకు పైబడి లోకంలో లక్షల మందిని ఇంటి నుంచి బయటకు లాగుతున్న ఒక వ్యాసంగానికి ఇది తొలిపాఠం. ఆ పాఠానికి షాలిమార్ ఎందుకు తగిన బడి అన్నది నడిచినకొద్దీ తెలుస్తుంది.

ఆ వ్యాసంగం పేరు జియోక్యాషింగ్. ఇందులోని క్యాష్ రొక్కం కాదు. దాచిపెట్టిన వస్తువు అని దాని అర్థం. ఒకరు చిన్న డబ్బాలో చిట్టి నోటు పుస్తకం ఉంచి, ఆరుబయట ఒకచోట మరుగున పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటిస్తారు. మరొకరు ఆ అంకెలను పట్టుకొని వెతుక్కొంటూ వెళ్లి, డబ్బాను కనిపెట్టి, పుస్తకంలో పేరూ తేదీ వ్రాసి, ఎక్కడిదక్కడే పెట్టి వస్తారు. డబ్బాలో బొమ్మో, బిళ్లో ఉంటే తీసుకోవచ్చును. అయితే దానికి తీసిపోని వస్తువును బదులుగా ఉంచడం మర్యాద. గెలిచినవారికి పతకం లేదు, ఓడినవారికి అవమానం లేదు. మన పిల్లల దాగుడుమూతలకూ, పెద్దల లంకెబిందెల కథలకూ పుట్టిన బిడ్డ వంటిది ఈ ఆట.

దీని పుట్టుకకు ఒక తేదీ ఉన్నది. ఆకాశంలో సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న అమెరికా ఉపగ్రహాలు తమ గడియారపు వేళను సంకేతాలుగా పంపుతూ ఉంటాయి. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే చేతిలోని పరికరం తానున్న చోటును లెక్క కట్టుకోగలదు. అయితే ఆ సైనిక విద్య పరులకు పూర్తిగా దక్కకూడదని చాలాకాలం అమెరికా ప్రభుత్వం సామాన్యులకందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా తప్పు కలిపింది. ఫలితంగా చూపిన చోటుకూ అసలు చోటుకూ నూరు మీటర్ల ఎడం రావచ్చును. నూరు మీటర్లంటే ఓడకు లెక్కలోనిది కాదు, డబ్బాకు మాత్రం గడ్డివాములో సూది. 2000 సంవత్సరం మే 2న ఆ కల్తీని ఆపివేశారు. మర్నాడే, మే 3న, ఓరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన డేవ్ అల్మర్ అనే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్టును పొదల్లో ఉంచి దాని అంకెలను ప్రకటించాడు. అందులో పుస్తకాలు, కొద్దిపాటి డబ్బు, ఒక ఉండేలు, చిక్కుడు గింజల డబ్బా కూడా ఉన్నాయి. మూడు రోజుల్లో ఇద్దరు దానిని కనుక్కొన్నారు. (తినుబండారం పెట్టకూడదన్న నియమం తరువాత వచ్చింది, ఎలుకలకూ, ఎలుగులకూ అంకెలతో పని లేదు గదా!) అదే ఏడాది సెప్టెంబరులో ఈ ఆటకు ఇంటర్నెట్టులో ఒక నెలవు ఏర్పడినప్పుడు దాని జాబితాలో ఉన్నవి 75 డబ్బాలు. నేడవి ముప్పై లక్షలకు మించి, 190కి పైగా దేశాలకు వ్యాపించాయి.

ఉపగ్రహాలు లేని రోజుల్లోనూ ఈ సరదా లేకపోలేదు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడు భూములలో క్రాన్‌మియర్ మడుగు వద్ద 1854లో ఒక దారిచూపరి సీసా ఒకటి ఉంచి, అంతదూరం నడిచి వచ్చినవారు తమ చీటీని అందులో వేసేటట్లు చేశాడు. ఆ చీటీల ఆట అక్కడ నేటికీ సాగుతున్నది.

కొత్తవారికి కావలసిన సరంజామా స్వల్పం. ఫోను, కలం, నీళ్లసీసా, కాళ్లకు గట్టి చెప్పులు. ఆటకు చెందిన యాప్‌ను ఫోనులో ఎక్కించుకొంటే దగ్గరలో ఏమేమి దాగి ఉన్నవో పటం మీద కనిపిస్తుంది. ప్రతి డబ్బాకూ రెండు కొలతలు ఇస్తారు. వెతకడం ఎంత కష్టం అన్నది ఒకటి, చేరడానికి నేల ఎంత కష్టం అన్నది మరొకటి. రెండూ ఒకటి నుంచి అయిదు వరకు. మొదటిసారి రెండింటా ఒకటో ఒకటిన్నరో ఉన్నదానినే ఎంచుకోవడం మంచిది. కడపటిసారి ఎవరు ఎప్పుడు కనుక్కొన్నారో కూడా చూడాలి. రెండేళ్లుగా ఎవరికీ దొరకని డబ్బాను నమ్ముకొని పిల్లలను ఎండలో తిప్పడం కంటె ఆ పూట సినిమాకు పోవడం మేలు.

పరికరం కంటె ముందు అలవరచుకోవలసినది అంకెలను చదివే విద్య. ఇక్కడి నిమిషం గడియారపు నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో భాగం. ఉత్తర దక్షిణాలుగా ఒక నిమిషం అంటే నేల మీద దాదాపు 1,850 మీటర్లు. నిమిషంలో పదో వంతు 185 మీటర్లు. నూరో వంతు పద్దెనిమిదిన్నర. వెయ్యో వంతు రెండు మీటర్లకు తక్కువ. అందుచేతనే ఈ ఆటలో నిమిషాలను మూడు దశాంశాల వరకు వ్రాస్తారు. తూర్పు పడమరల లెక్క కాస్త వేరు. ధ్రువాల వైపు పోయినకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి గనుక కోల్‌కతా దగ్గర అదే నిమిషం 1,710 మీటర్లే. ఇంతమాత్రం తెలిస్తే బాణం గుర్తు చూడకుండానే ఏ వైపుకు ఎంత నడవాలో మనస్సులో తేల్చుకోవచ్చును. షాలిమార్ స్టేషనులో నిలబడిన మన ప్రయాణికునికి అక్షాంశం గమ్యపు అక్షాంశానికి ఇంచుమించు సమానంగా కనిపిస్తుంది. రేఖాంశంలో మాత్రం ఒకటిన్నర నిమిషానికి మించి తేడా ఉన్నది. అంటే దారి దాదాపు నేరుగా పడమటికి. దూరం మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ.

పరికరం అబద్ధమాడదు గాని తడబడుతుంది. ఆరుబయట మంచి ఫోను అయిదు పది మీటర్ల లోపు చోటు చూపగలదు. వంతెన క్రిందికో, ఎత్తైన గిడ్డంగుల సందులోకో పోతే ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా వస్తాయి. కాంతి వేగంతో వచ్చే సంకేతం సెకనులో పదిలక్షో వంతు ఆలస్యమైతే దూరంలో మూడువందల మీటర్ల పొరపాటు. విద్యాసాగర్ సేతువు నీడలో ఫోను తెరిచినవారికి నీలిచుక్క ఒకసారి నదిలోనూ, ఒకసారి రైలు పట్టాల మీదనూ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. నాలుగడుగులు వేసి ఆకాశం కనిపించే చోట నిలబడితే చుక్క కుదుటపడుతుంది. 2013లో మొదటి ఉపగ్రహాన్ని పంపి భారతదేశం నిర్మించుకొన్న నావిక్ వ్యవస్థ సంకేతాలను కూడా కొన్ని కొత్త ఫోనులు అందుకొంటున్నవి.

ఇంతవరకు సులభమే. అసలు చిక్కు డబ్బా దగ్గర వస్తుంది.

షాలిమార్ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టిన ప్రతివారికీ వినిపించే హెచ్చరిక ఒకటున్నది: ఎవరూ లేకుండా పడి ఉన్న వస్తువును తాకవద్దు, పోలీసులకు తెలియజేయండి. రైల్వే స్టేషనులో, సరకుల యార్డులో, వంతెన స్తంభాల వద్ద మూతపెట్టిన డబ్బాను దాచడం ఆట అనిపించుకోదు, నేరంగా పరిణమిస్తుంది. పాశ్చాత్య దేశాలలోనే ఇటువంటి డబ్బాలను చూసి బాంబులని భ్రమపడి వీధులకు వీధులు ఖాళీ చేయించిన సందర్భాలున్నాయి. మన దగ్గర అనుమానానికి మరొక ముఖం కూడా ఉన్నది. తెలుగునాట పాత గుడి చుట్టూ చేతిలో పరికరంతో తచ్చాడే అపరిచితుణ్ణి గ్రామస్థులు గుప్తనిధుల వేటగాడనే అనుకొంటారు. వారిని తప్పు పట్టలేము. లంకెబిందెల ఆశతో గర్భగుడులను త్రవ్విపోసిన దొంగల కథలు ఏ జిల్లాలోనైనా దొరుకుతాయి. గునపం ముట్టకూడదన్నది జియోక్యాషింగ్‌లో ప్రధాన నియమం. దాచడానికైనా, తీయడానికైనా నేలను త్రవ్వకూడదు. స్థలం యజమాని అనుమతి లేనిదే ఏదీ ఉంచకూడదు. అయినా ఆ సంగతి ఊరివారికి ఎలా తెలుస్తుంది? ముందుగా వెళ్లి, ఊరి పెద్దతోనో పూజారితోనో నాలుగు మాటలు మాట్లాడి, ఫోను చూపించి, వచ్చిన పని చెప్పడమే క్షేమం. విదేశాల నుంచి వచ్చే బంధువులను మరొక సంగతి హెచ్చరించాలి. ఉపగ్రహ ఫోనులకూ, ఉపగ్రహం ద్వారా నేరుగా సందేశాలు పంపే పరికరాలకూ మన దేశంలో ముందస్తు అనుమతి తప్పనిసరి. అడవులలో ధైర్యంగా ఉంటుందని తెచ్చుకొన్న ఆ పరికరంతోనే విమానాశ్రయంలో చిక్కుపడినవారున్నారు.

కనుక మన దేశంలో, ముఖ్యంగా షాలిమార్ వంటి చోట, కొత్తవారు డబ్బా లేని ఆటతో మొదలుపెట్టడం వివేకం. ఆ ఆటలోనే అటువంటి శాఖలున్నాయి. 2004లో మొదలైన భూక్యాష్ అనే పద్ధతిలో వెళ్లినవారు ఒక రాతినో, నది ఒరుపునో, కొండ పొరనో పరిశీలించి అడిగిన ప్రశ్నలకు సమాధానం పంపాలి. దాచినదేదీ ఉండదు, ఉన్నదల్లా అందరి కళ్లెదుటే ఉన్నది. ఇది లోపమని కొందరు ఆటగాళ్లు అనుకొంటారు. నిజానికి డబ్బా దొరికిన మరుక్షణం వెనుదిరిగేవారే ఎక్కువ. డబ్బా లేనప్పుడు చోటును చూడక గత్యంతరం లేదు.

మన ప్రయాణికుడు చేరబోయేది అటువంటి చోటే.

స్టేషను నుంచి పడమటికి శిబ్‌పూర్ వీధుల గుండా టోటో అని ఇక్కడివారు పిలిచే బ్యాటరీ రిక్షాలు తిరుగుతాయి. నడవగలవారు నడవడమే మంచిది. వీధులు సరళరేఖలు కావు. బాణం ఒకవైపు చూపుతుంటే దారి మరొకవైపు మలుపు తిరుగుతుంది. ఫోనులోని దూరం తగ్గుతూ, పెరుగుతూ, మళ్లీ తగ్గుతూ ఉంటుంది. చాయ్ కొట్ల మట్టి ముంతలు, పాత మిల్లు గోడలు, అరుగుల మీద పత్రికలు చదువుతున్న వృద్ధులు, ఇంజనీరింగు విద్యాసంస్థ విశాల ప్రాంగణం, ఇవన్నీ దాటాక ఒక ప్రహరీ ఎదురవుతుంది. గోడకు అవతల పట్టణం అంతమై అడవి మొదలైనట్లుంటుంది. అదే ఆచార్య జగదీశ్‌చంద్ర బోస్ భారత వృక్షశాస్త్ర ఉద్యానం. ఇంతకు పూర్వం దీనికెన్నో పేర్లుండేవి. కంపెనీ తోట అన్నది వాటిలో పాతది. బోస్ పేరు పెట్టినది 2009లో.

ఈ తోటకు మూలపురుషుడు షాలిమార్ వాసి. కంపెనీ సైన్యంలో పనిచేసిన కర్నల్ రాబర్ట్ కిడ్ ఇల్లు షాలిమార్‌లో ఉండేది, ఇంటిచుట్టూ సొంత తోట కూడా ఉండేది. 1770 నాటి క్షామం బెంగాలులో జననష్టం కలిగించిన తీరు అతని మనస్సును కలచివేసింది. సగ్గుబియ్యపు చెట్టు, ఖర్జూరం వంటి ఆహారవృక్షాలను ఇతర దేశాల నుంచి తెప్పించి పెంచితే కరువుకాలంలో ప్రజలకు ఆధారమవుతాయని 1786లో కంపెనీకి విన్నవించాడు. ఓడల కోసం టేకు, వర్తకం కోసం సుగంధద్రవ్యాలు అన్న మాటలు కూడా ఆ విన్నపంలో ఉన్నాయి. కంపెనీ చెవికి ఏ మాట ఇంపుగా తగిలిందో ఊహించడం కష్టం కాదు. 1787లో తోట వెలసింది. 1793లో కిడ్ మరణించాడు. దారులు కలిసే చోట ఆయన స్మారకంగా పాలరాతి కలశం ఉన్నది. అంకెల దారి నేర్చుకొనేవారికి మొదటి ఆనవాలుగా ఇది తగినది. చుట్టూ తెరపి ఉన్న చోట ఫోను ఎంత సరిగ్గా చూపుతున్నదో ఇక్కడ పరీక్షించుకోవచ్చును.

రెండో ఆనవాలు నది ఒడ్డున. కిడ్ తరువాత 1793లో ఈ తోట బాధ్యత స్వీకరించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో కట్టించుకొన్న పెద్ద భవనం అది. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో తెలిసినప్పుడు తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగిపోతాడు. స్కాట్లండులో పుట్టిన ఈ వైద్యుడు కలకత్తాకు వచ్చినది సామర్లకోట నుంచి. 1781 ప్రాంతం నుంచి అక్కడి కంపెనీ దళానికి వైద్యుడుగా ఉంటూ, మిరియం మొదలు చెరకు దాకా పంటలను పరీక్షించే తోట పెంచాడు. గోదావరి మండలపు చెట్టూ చేమనూ వర్ణించి, వాటి తెలుగు పేర్లు అడిగి వ్రాసుకొని, స్థానిక చిత్రకారులను నియమించి బొమ్మలు గీయించాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో లండనులో వెలువడింది. షాలిమార్‌కు వచ్చే బండి పేరూ, ఆ గ్రంథం పేరూ ఒకే తీరానివి.

ఆ తెలుగు పేర్లలో ఒకటి వృక్షశాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయింది. రాజమహేంద్రవరం ప్రాంతపు కొండలలో సోమిద అనే చెట్టు ఉన్నది. దాని బెరడు జ్వరానికి మందుగా వాడేవారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులు దీనిని వాడవచ్చునేమోనని రాక్స్‌బర్గ్ ఆశించాడు. ఆ ఆశ పూర్తిగా ఫలించలేదు గాని, తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి తెలుగు పేరునే స్వీకరించి సోయ్‌మిడా అన్నారు. ప్రపంచంలో ఏ మూల వృక్షశాస్త్రవేత్త ఆ చెట్టును పేర్కొన్నా, పలికేది ఒకనాడు గోదావరి మనిషి ఎవరో చెప్పిన మాటనే.

చెప్పినవాని పేరు మిగలలేదు. గీసినవారివి కూడా చాలామటుకు మిగలలేదు. రాక్స్‌బర్గ్ గీయించిన చిత్రాలు రెండువేల అయిదువందలకు పైబడి ఉన్నాయి. వాటి సంపుటాలు ఈ తోటలోని జాతీయ వృక్షసంగ్రహాలయపు ఆస్తి. జియోక్యాషింగ్ ఆటలో ఆవగింజంత డబ్బాలోనైనా సంతకానికి చోటుండి తీరాలంటారు. అంత పెద్ద పని చేసినవారికి ఆ చోటు దక్కలేదు.

నదికి ఎగువన శ్రీరాంపూరులో విలియం కేరీ ముద్రణాలయం ఉండేది. రాక్స్‌బర్గ్‌కు ఆయన మిత్రుడు. ఈ తోటలోని మొక్కల పట్టికను కేరీ 1814లో అక్కడే అచ్చువేశాడు. ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణం కూడా ఆ ఏడాదే, ఆ ముద్రణాలయం నుంచే వెలువడింది. రాక్స్‌బర్గ్ తన మిత్రుని పేరు పెట్టిన కేరియా అనే చెట్టు తెలుగునాటి అడవులలోనూ పెరుగుతుంది.

నది ఒడ్డున ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడి హుగ్లీ సముద్రపు పోటుపాటులకు లోనైన నది. కొన్ని తిథులలో పోటు గోడలా లేచి ఎదురు ప్రవాహంగా వస్తుంది. బాన్ అని స్థానికులు పిలిచే ఆ అలకు రేవు మెట్ల మీద ఉన్నవారు చిక్కుకొంటే ప్రాణాపాయం. గట్టు కూడా కోసుకుపోతూ ఉంటుంది. ఫోనులోని బాణం నీళ్ల వైపు చూపినా గట్టు దిగకూడదు.

ఇక బయలుదేరినప్పుడు చేతిలో ఉన్న అంకెలు. తోట పడమటి భాగంలోకి పోయినకొద్దీ దూరం రెండువందల మీటర్లు, నూటయాభై, నూరు అని తగ్గుతుంది. ముందు ఒక చిన్న అడవి. అది చెట్ల గుంపు కాదు, ఒకే చెట్టు అన్న సంగతి కన్ను వెంటనే ఒప్పుకోదు. ఇదే మహావటం. ఒక లెక్క ప్రకారం దాని ఊడలు 3,772. కొమ్మల విస్తీర్ణం సుమారు 1.9 హెక్టారులు, అంటే నాలుగున్నర ఎకరాలకు మించినది. చుట్టుకొలత 486 మీటర్లు. నిమిషాలకు ఒకే ఒక దశాంశం ఎందుకిచ్చారో ఇక్కడ బోధపడుతుంది. అగ్గిపెట్టెంత డబ్బాకు మూడు దశాంశాలు కావాలి. నూటయాభై మీటర్ల అడ్డుకొలత గల చెట్టు కంట పడడానికి ఒక్కటి చాలు.

అయితే ఆ ఒక్క చెట్టు అసలు ఎక్కడున్నది? ఈ ప్రశ్నకు ఫోను తబ్బిబ్బవుతుంది. మామూలు చెట్టయితే మొదలు దగ్గర నిలబడి అంకెలు వ్రాసుకోవచ్చును. దీనికి మొదలు లేదు. 1864లోనూ, 1867లోనూ వచ్చిన తుపానులు పెద్దకొమ్మలను విరిచివేశాయి. గాయాల గుండా శిలీంధ్రం ప్రవేశించింది. యాభై అడుగులకు మించిన చుట్టుకొలత గల ప్రధానకాండం లోలోపల క్రుళ్లిపోయింది. తక్కిన చెట్టును కాపాడడం కోసం 1925లో దానిని కోసి తొలగించారు. అప్పటికి ఊడలు నేలను తాకి, వేళ్లూని, తామే స్తంభాలైపోయినవి గనుక చెట్టుకు ఏమీ కాలేదు. నూరేళ్లుగా ఇది మొదలు లేకుండానే పెరుగుతున్నది. 2020 మేలో అంఫన్ తుపాను మళ్లీ ఊడలను కూల్చింది. అయినా పెరుగుదల ఆగలేదు. ఒకప్పుడు దీని హద్దు చుట్టూ 330 మీటర్ల బాట వేశారు. చెట్టు ఆ బాటను ఎన్నడో దాటిపోయింది.

కొత్తవారి చేత ఇక్కడ చేయించదగిన అభ్యాసం ఒకటున్నది. కంచె దాటకుండా చెట్టు చుట్టూ తిరుగుతూ ఉత్తరాన, దక్షిణాన, తూర్పున, పడమట కొమ్మల అంచు ఎక్కడ ముగుస్తున్నదో అక్కడ నిలబడి అంకెలు వ్రాసుకోవాలి. ఆకుల క్రింద సంకేతం బలహీనపడి అంకెలు ఊగిసలాడతాయి. రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉండి కుదురుకొన్న అంకెనే తీసుకోవాలి. ఉత్తర దక్షిణ అక్షాంశాలకు సగటు, తూర్పు పడమటి రేఖాంశాలకు సగటు కడితే వచ్చేది ఆనాటికి చెట్టు నడిబొడ్డు. తేదీ తప్పనిసరిగా వేయాలి. అయిదారేళ్ల తరువాత వచ్చి కొలిచినవారికి అదే అంకె వస్తుందన్న హామీ లేదు. మూడు అంగలు జరిగి ఉంటే పొరపాటు ఫోనుదో, నడక చెట్టుదో తేల్చుకోవడానికి ఒక పూట కాలక్షేపం.

ఈ అభ్యాసానికి కోల్‌కతా దాకా పోలేనివారు విచారించనక్కరలేదు. మహబూబ్‌నగర్ సమీపాన పిల్లలమర్రి ఉన్నది. కదిరి ప్రాంతంలో గూటిబయలు వద్ద తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. 19,107 చదరపు మీటర్ల విస్తీర్ణంతో 1989లో గిన్నిస్ గ్రంథంలో చోటు సంపాదించుకొన్నది. తిమ్మమ్మ సహగమనం చేసిన చితి గుంజ చిగిర్చి ఈ మానైనదని అక్కడివారి విశ్వాసం. ఇంకా దగ్గరగా కావాలంటే ఊరి చెరువు తూము, సర్వే రాయి, పాత బురుజు, రచ్చబండ రావి. ఆదివారంనాడు ఇంటి పెద్ద ఆరేడు ఆనవాళ్ల అంకెలను కాగితం మీద వ్రాసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రశ్న తగిలించి పిల్లల చేతికిస్తే చాలు; ఆట సిద్ధం. ప్రశ్న మాత్రం అక్కడికి పోతేనేగాని సమాధానం దొరకనిదై ఉండాలి. తూముకు ఎన్ని కన్నాలు? రాతి మీద ఏ అక్షరం అరిగిపోయింది? 2021 ఫిబ్రవరిలో పటాల తయారీపై ఉన్న ఆంక్షలను కేంద్ర ప్రభుత్వం చాలావరకు సడలించింది గనుక, రక్షణ సంబంధమైన తావులను విడిచిపెడితే, ఇటువంటి కాగితాలు వ్రాసుకోవడానికి జంకు అక్కరలేదు.

గమ్యం పది మీటర్లలోకి వచ్చిన తరువాత ఫోనును జేబులో పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ చివరి పది మీటర్లు కళ్లవి. బాణం మీదనే చూపు నిలిపి నడిచి వేరు తట్టుకొని బోర్లా పడినవారూ, వెతుకుతున్న రాతి మీదనే కూర్చుని ఉపగ్రహాలను తిట్టినవారూ ఈ ఆటలో తక్కువ కాదు.

షాలిమార్ నుంచి తిరిగి వచ్చే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం బయలుదేరి, విశాఖ దాటాక సామర్లకోట మీదుగా గోదావరి వైపు సాగుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవారు ఫోను తెరిచి చూస్తే అక్షాంశం 17 డిగ్రీల 3 నిమిషాలు, రేఖాంశం 82 డిగ్రీల 10 నిమిషాలు అని చూపుతుంది. బండి వేగానికి దశాంశాలు ఆగకుండా మారిపోతూ ఉంటాయి. నోటు పుస్తకంలో వ్రాసుకోవాలంటే కలం ముందే తీసి ఉంచుకోవాలి.